చిక్కటి నీళ్ళు

సోమవారం పొద్దున ఏడు గంటలకు ముసలి ప్లంబరు గ్లాసు విసిరేశాడు. ఎడమ చేత్తో విసిరాడు. ఎవరి మీదికి విసిరాడో తెలియదు కానీ గోడకు తగిలింది.

స్టీలు గ్లాసు ఠంగుమని మోగి, కిందపడి, మంచం కిందికి దొర్లిపోయింది. అందులోని నీళ్ళు మాత్రం గోడను పట్టుకుని అక్కడే ఉండిపోయాయి. కాసేపు అలా నిలబడి, తర్వాత మొత్తం ఒక్క ముద్దగా స్విచ్చుబోర్డు పక్కనుంచి కిందికి జారడం మొదలుపెట్టాయి.

కూతురు మంచం పక్కన కుర్చీలో చెంచా పట్టుకుని అలాగే కూర్చుంది. ఆమె చెంప మీద కూడా ఒక చుక్క పడింది. అదీ జారలేదు. ముంజేత్తో తుడుచుకుంది.

“మళ్ళీనా?” అంది మరదలు గుమ్మంలోంచి. ఆ అమ్మాయి చేతుల్లో తడిసిన దుప్పటి ఉంది.

“మళ్ళీనే. గుడ్డ ఇటు పడెయ్.”

“ఉండు వదినా, నేను తుడుస్తాలే. నీకు బడికి టైమవుతోంది.”

కూతురు ప్రైమరీ స్కూల్లో ఒకటో తరగతి టీచరు. తమ్ముడు కొరియరు కంపెనీ వ్యాను నడుపుతాడు. మరదలు ఇంట్లో ఉంటుంది, అంటే ముసలాయన దగ్గర ఉంటుంది. పక్షవాతం ఆయనకు కుడి చెయ్యి, కుడి కాలు, మాట తీసుకుపోయింది. మింగడం కూడా సగం తీసుకుపోయింది. మామూలు నీళ్ళు తాగితే గుక్క దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని నీళ్ళలో డబ్బాలోని పొడి కలిపి, జావలా చిక్కబరిచి, చెంచాతో పట్టాలి. శుక్రవారం మళ్ళీ ఆస్పత్రిలో చూపించాలి. అప్పటికి ఒంట్లోకి సరిపడా నీళ్ళు పోకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యక తప్పదని, మింగడం నేర్పే డాక్టరమ్మ అక్కాతమ్ముళ్ళిద్దరినీ కారిడార్లో నిలబెట్టి చెప్పింది. చెప్పి పక్క వార్డుకు వెళ్ళిపోయింది.

ముసలాయన చిక్కటి నీళ్ళు ముట్టడం లేదు. మొదట రెండు చెంచాలు పుక్కిట పట్టి ఉమ్మేవాడు. తర్వాత పెదాలు బిగించడం మొదలుపెట్టాడు. ఈరోజు గ్లాసే లాక్కున్నాడు.

మామూలు నీళ్ళ సీసా బీరువా మీద ఉంది. మొదటిరోజు ఆయన దానికోసం చెయ్యి చాస్తే తమ్ముడు తీసి అక్కడ పెట్టాడు. అప్పటినుంచి అది అక్కడే ఉంది. మంచంలో పడుకుంటే ఎదురుగా కనిపించేది అదే.

తమ్ముడు లోపలికి వచ్చి, తండ్రిని ఒక పక్కకి ఒత్తిగిల్లించి, పరుపు మీది రబ్బరు షీటు తీసి, పరుపు చుట్టగా చుట్టి భుజాన వేసుకున్నాడు. డైపర్లు వేస్తే ముసలాయన లాగి పారేస్తున్నాడు. రబ్బరు షీటు వేస్తే అంచుల్లోంచి తడి దిగుతోంది.

“రోజూ ఇలా తడిస్తే ఇది ఎండేదెప్పుడు?” అన్నాడు భార్యతో. ఆమె ముఖం చూసి గొంతు మార్చాడు. “పోనీలే, ఇప్పుడు నయమేగా. లోపలికి పోకపోతే బయటికెలా వస్తుంది?”

“ఊరుకోండి, మావయ్య వింటారు.”

“వింటే విననీ. కోపంతోనైనా నన్నో మాట తిడతాడేమోనని చూస్తున్నా.”

ముసలాయన తిట్టలేదు. తమ్ముడు పరుపును బాల్కనీ కమ్మీ మీద ఆరేసి, పైన రెండు క్లిప్పులు పెట్టి, వ్యాను తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. టీచరు వంగి మంచం కిందనుంచి గ్లాసు తీసింది.

“నాన్నా, మామూలు నీళ్ళు డాక్టరు వద్దన్నారు. తెలుసుగా?”

ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. గోడ మీద మరదలు గుడ్డతో తుడుస్తోంది. ముద్ద గుడ్డకు అంటుకుని సాగుతోంది.

*

ఆ వారం ఒకటో తరగతికి పాఠం ఘనపదార్థాలు, ద్రవపదార్థాలు.

టీచరు బల్లలన్నీ గోడలకు జరిపించి, పిల్లల్ని నేలమీద గుండ్రంగా కూర్చోబెట్టింది. మధ్యలో ప్లాస్టిక్ ట్రే. ట్రేలో ఒక సీసా, ఒక పళ్ళెం, ఒక గరాటు, ఒక గులకరాయి, నీళ్ళ జగ్గు. జగ్గు చూడగానే ముందు వరుస మోకాళ్ళ మీద లేచింది.

“కూర్చోండి. తడిస్తే మీ అమ్మలకు నేను జవాబు చెప్పుకోవాలి.”

నీళ్ళు సీసాలో పోసింది. సీసాలోంచి పళ్ళెంలో పోసింది. రాయిని పళ్ళెంలో పెట్టింది, చేతిలో పెట్టుకుంది, మళ్ళీ ట్రేలో పెట్టింది. “ఏది మారింది? ఏది మారలేదు?”

అందరికంటే ముందు మాట్లాడేది ఒక పిల్ల. కూర్చున్నచోట కూర్చోకుండా గెంతుతుంది కాబట్టి తరగతి మొత్తం పిచ్చుక అంటుంది. ఆ పిల్ల రాయిని లాక్కుని సీసా మూతిలో దూర్చబోయింది. దూరలేదు. తిప్పి దూర్చబోయింది.

“రాయి మాట వినదు టీచర్. నీళ్ళు మాట వింటాయి. ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాయి.”

“నీకంటే నయం,” అన్నాడు వెనకనుంచి ఒక పిల్లాడు. వాడు చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడు. వాడిని పెద్దమనిషి అంటారు.

పిల్లలు నవ్వారు. పెద్దమనిషి నవ్వకుండా ఇసుక సంగతి అడిగాడు. ఇసుక కూడా సీసాలోకి పోతుంది కదా, మరి ఇసుక నీళ్ళ జట్టా, రాయి జట్టా అని. టీచరు పెరట్లోంచి గుప్పెడు ఇసుక తెప్పించి, నల్లకాగితం మీద పోసి, భూతద్దం ఇచ్చింది. పిల్లలు వరుసగా చూశారు. ఒక్కో రేణువూ ఒక్కో రాయి. కుప్పగా పోస్తే కుప్పలాగే నిలబడింది. నీళ్ళు కుప్ప పోద్దామని పిచ్చుక ప్రయత్నించింది. పెద్దమనిషి నిక్కరు తడిసింది. వాడి అమ్మకు టీచరు జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

మంగళవారం పందెం పెట్టింది. ట్రేను పుస్తకాల దొంతర మీద ఏటవాలుగా నిలిపి, బొమ్మలు చేసే మట్టిని తాళ్ళలా పేనుతూ పైనుంచి కిందికి కాలవలు కట్టించింది. నీళ్ళకో కాలవ, నూనెకో కాలవ, తేనెకో కాలవ. ఒకేసారి పోశారు. నీళ్ళు చూస్తుండగానే కిందికి చేరి నేలమీదికి దూకాయి. నూనె వెనకాల వచ్చింది. తేనె సగం దారిలో ఉంది. పిల్లలు తేనెను అదిలించడం మొదలుపెట్టారు. ఒకడు ఊదాడు. ఒకడు నాకాడు.

“మూడూ ద్రవాలే,” అంది టీచరు. “మూడూ పారతాయి. కానీ ఒకేలా పారవు.”

నాలుగో కాలవ ఖాళీగా ఉంది. దాన్ని ఎందుకు కట్టించిందో ఆమెకే తెలియదు. నాన్న నీళ్ళలో కలిపే పొడి, శనివారం కొన్న కొత్త డబ్బా, ఆమె బ్యాగులోనే ఉండిపోయింది. తీసి, గ్లాసెడు నీళ్ళలో పొడి వేసి, ఉండలు కట్టకుండా చెంచాతో తిప్పింది. నీళ్ళు తెల్లబడి, చెంచా చుట్టూ బిగుసుకున్నాయి. కాలవలో పోసింది. పిల్లలు దానిమీదికి వంగారు.

“ఇవి నీళ్ళేనా టీచర్?”

“నీళ్ళే.”

“నిద్రపోతున్నాయి.”

“ఎందుకిలా చేశారు?” అన్నాడు పెద్దమనిషి.

పిల్లలు అడిగితే చెప్పడం ఆమెకు అలవాటు. చెప్పింది. గొంతులో రెండు దారులుంటాయి, ఒకటి గాలికి, ఒకటి తిండికి. గాలి దారికి ఒక తలుపు ఉంటుంది. మనం మింగేటప్పుడు ఆ తలుపు దానంతటదే మూసుకుంటుంది. మా నాన్నకు ఆ తలుపు ఇప్పుడు ఆలస్యంగా మూసుకుంటోంది. మామూలు నీళ్ళు తలుపు మూసుకునేలోపే దూరిపోతాయి. ఇవి నిదానంగా వస్తాయి కాబట్టి తలుపుకు టైము దొరుకుతుంది. చెబుతూ కుడి అరచేతిని తలుపులా ఎడమ పిడికిలి మీద మూసి చూపించింది. తరగతి మొత్తం అరచేతులు మూస్తూ తెరుస్తూ కూర్చుంది.

“మరి తాత తాగుతున్నాడా?”

“లేదు. ఉమ్మేస్తున్నాడు.”

“నేనూ ఉమ్మేస్తా,” అంది పిచ్చుక. “మా అమ్మ చెప్పకుండా పాలల్లో మందు కలిపేస్తుంది టీచర్. నేను తాగి తుపుక్కుమని అమ్మ మీదే ఉమ్మేశా. చెప్పి ఇవ్వొచ్చు కదా? చెప్పినా ఉమ్మేస్తాననుకో.”

అందరితోపాటు టీచరూ నవ్వింది. గంట కొట్టారు. ట్రే కడుగుతుంటే నీళ్ళ కాలవ, నూనె కాలవ తేలిగ్గా పోయాయి. నాలుగోది గోళ్ళతో గీకాల్సి వచ్చింది.

*

ఆ సాయంత్రం ఆమె మెట్లెక్కుతుండగానే దగ్గు వినిపించింది. తలుపు తీసే ఉంది.

ముసలాయన స్నానాలగది గడప మీద కూలబడి ఉన్నాడు. చొక్కా ముందుభాగమంతా తడి. పైన కుళాయి ధారగా కారుతోంది. మరదలు వెనకనుంచి ఆయన్ని చంకల కింద పట్టుకుని ముందుకు వంచి వీపు చరుస్తోంది. ఆయన పెదాలు నల్లబడ్డాయి. దగ్గుకీ దగ్గుకీ మధ్య ఊపిరి ఈలలా వస్తోంది.

“బట్టలు తెద్దామని బాల్కనీలోకి వెళ్ళా వదినా, అంతే. మంచం దిగారు. గోడ పట్టుకుని వచ్చేశారు. దోసిలి పట్టడానికి రెండో చెయ్యి లేదుగా, నోరే పెట్టేశారు.”

టీచరు బ్యాగు కిందపడేసి కూర్చుని రెండోవైపు పట్టుకుంది. దగ్గు చాలాసేపటికి తెరిపినిచ్చింది. ఇద్దరూ మోసుకెళ్ళి దిండ్లు ఆసరాగా కూర్చోబెట్టారు. ఆయన కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి. నాలుక మాత్రం ఎండిపోయి, గాట్లు పడి కనిపించింది.

తమ్ముడు వచ్చి అంతా విన్నాడు. మంచం కిందికి వంగి, తండ్రి పనిముట్ల సంచి బయటికి లాగాడు. జిప్పు తీసి వెతికి చిన్న స్క్రూడ్రైవరు, పానా తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళాడు. కుళాయి పిడి మీది మూత విప్పి, స్క్రూ తీసి, పిడి ఊడబెరికి జేబులో వేసుకున్నాడు. మంచంలోంచి చూస్తే ఆ గది తలుపు సూటిగా కనబడుతుంది.

“ఒరేయ్, ఆయన ముందా?” అంది టీచరు.

“వెనకాల చేస్తే మళ్ళీ వెళ్ళి వెతుక్కుంటాడు అక్కా. లేదని తెలియాలి కదా.” తండ్రి దగ్గరికి వచ్చి గట్టిగా, నెమ్మదిగా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడాడు. “నా మీద కోపం పెట్టుకోకు నాన్నా. నీ మంచికే.”

ముసలాయన కొడుకు చేతిలోని పానా వంక చూశాడు. ఎడమ చెయ్యి చాపాడు. కొడుకు ఇచ్చాడు. ఆయన దాని మరను బొటనవేలితో తిప్పి, దవడ పూర్తిగా మూసి, దుప్పటి మీద పెట్టి, కళ్ళు మూసుకున్నాడు.

బుధవారం ఆయన ఏమీ తీసుకోలేదు. చిక్కటి నీళ్ళే కాదు, జావ కూడా. మరదలు తడిగుడ్డతో పెదాలు తుడవబోతే దాన్నీ తోసేశాడు. టీచరు బడినుంచి రెండుసార్లు ఫోను చేసింది. “ఏమైనా తాగాడా?” అంటే “లేదు వదినా.” “పక్క?” అంటే “పొడిగానే ఉంది. అదే నాకు భయంగా ఉంది” అంది మరదలు.

తరగతిలో పిచ్చుక బల్లమీదికెక్కి అడిగింది. “టీచర్, మీ తాత తాగాడా?”

“మా తాత కాదు, మా నాన్న. తాగలేదు. దిగు.”

“ఎందుకో చెప్పారా?”

“చెప్పానుగా నిన్న.”

“మాకు చెప్పారు,” అన్నాడు పెద్దమనిషి, చేతులు వెనక్కి కట్టుకుని.

టీచరు సుద్దముక్క పట్టుకుని బోర్డువైపు తిరిగింది. ఏం రాయాలనుకుందో అది రాయలేదు. తమ్ముడికి చెప్పింది, మరదలికి చెప్పింది, ఫోను చేసిన చుట్టాలకు చెప్పింది, పక్కవాటా ఆవిడ అడిగితే మెట్లమీద నిలబడి చెప్పింది. నిన్న ఈ పిల్లలకు చేతులతో చూపించి మరీ చెప్పింది. తండ్రికి చెప్పింది ఒక్క మాట. డాక్టరు వద్దన్నారు.

మధ్యాహ్నం హెడ్మాస్టరు గదికి వెళ్ళి, రేపు ఒక్కపూట సెలవు కావాలని అడిగింది. ట్రే, మట్టి ఇంటికి తీసుకెళ్తానని కూడా అడిగింది.

“ట్రే ఎందుకమ్మా?” అన్నాడాయన.

“పాఠం మిగిలిపోయింది సార్.”

*

గురువారం మధ్యాహ్నం తమ్ముడు భోజనానికి వచ్చేసరికి ముసలాయన మంచం మీద, ఒళ్ళో అడ్డంగా వేసిన చెక్కమీద, ఏటవాలుగా ట్రే ఉంది. అక్క మోకాళ్ళ మీద కూర్చుని మట్టి పేనుతోంది.

“ఏంటక్కా ఇది? నాన్నకి ఒకటో తరగతి పాఠమా?”

“అవును. నువ్వూ కూర్చో. నీకూ రాదు.”

కాలవ పైన ఒకటే. సగం దారిలో రెండుగా చీలుతుంది. ఎడమ పాయ కింద ఒక గిన్నె, కుడి పాయ కింద ఒక గిన్నె. ముసలాయన మొదట ముఖం తిప్పుకునే ఉన్నాడు. మట్టిగట్టు ఒకచోట పల్చగా ఉంది. కాసేపటికి ఎడమ చెయ్యి దుప్పట్లోంచి బయటికి వచ్చి, చూపుడువేలితో ఆ పల్చటిచోట మట్టి అదిమి, అంచు నున్నగా రాసి, మళ్ళీ దుప్పట్లోకి వెళ్ళింది.

టీచరు తలెత్తలేదు. రబ్బరుముక్క ఒకటి తీసుకుని ఎడమ పాయ మొదట్లో గట్టుకు ఆనించి పెట్టింది.

“నాన్నా, ఇది నీ గొంతు. ఈ పైది నోరు. ఇటు కుడికి పోతే పొట్ట. ఇటు ఎడమకి పోతే ఊపిరితిత్తులు. ఈ రబ్బరు తలుపు. మింగినప్పుడల్లా తలుపు మూసుకోవాలి. ఇప్పుడు తలుపు నువ్వే. నేను పోస్తాను, నీళ్ళు కనబడగానే అడ్డం పెట్టెయ్. సరేనా?”

ఆయన ఆమె వంక చూశాడు. ఆమె పిల్లల గొంతుతో మాట్లాడటం లేదు. తరగతిలో కూడా ఆమెకు పిల్లల గొంతంటూ వేరే లేదు.

ఎడమ చెయ్యి వచ్చి రబ్బరు మీద ఆగింది. ఆమె మామూలు నీళ్ళు పోసింది. చెయ్యి కదిలింది, తలుపు పడింది. అప్పటికే ఎడమ గిన్నెలో నీళ్ళున్నాయి.

“ఇంకోసారి.”

రెండోసారీ అంతే. మూడోసారి ఆయన ముందే వంగి, ఊపిరి బిగబట్టి, కాలవ మీదే కళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. నీళ్ళు గెలిచాయి. ఎడమ గిన్నె సగం నిండింది. ఆయన గిన్నె వంక, తర్వాత స్నానాలగది గడప వంక చూశాడు.

“మొన్న అంత దగ్గొచ్చింది ఇందుకే. తలుపుది తప్పు కాదు. పక్షవాతం వచ్చాక నిదానంగా కదులుతోంది, అంతే. ఇప్పుడివి చూడు.”

చిక్కటి నీళ్ళు పోసింది. అవి కాలవ మొదట్లో ముద్దగా ఆగి, బయలుదేరి, మెల్లిగా వచ్చాయి. ముసలాయన చెయ్యి వాటికంటే ముందు వెళ్ళి తలుపు మూసింది. ముద్ద తలుపుకు తగిలి, కుడివైపు తిరిగి, కుడి గిన్నెలోకి జారింది. ఎడమ గిన్నెలోకి ఒక్క చుక్కా పోలేదు.

ఆయన జగ్గు చూపించాడు. ఆమె మళ్ళీ మామూలు నీళ్ళు పోసింది. ఓడిపోయాడు. గ్లాసు చూపించాడు. చిక్కటివి పోసింది. గెలిచాడు. వెనక్కి వాలి రెండు గిన్నెల వంకా చూశాడు.

తర్వాత చెయ్యెత్తి బాల్కనీవైపు చూపించాడు. అక్కడ కమ్మీ మీద పరుపు ఉంది.

“గాలి కావాలా? తలుపు తీయనా?” అన్నాడు తమ్ముడు.

కాదన్నట్టు తల ఊపాడు. పరుపు చూపించాడు. బీరువా మీది సీసా చూపించాడు. వేళ్ళన్నీ దగ్గరికి చేర్చి, కుళాయి కట్టేసినట్టు గాలిలో తిప్పాడు. తర్వాత కొడుకును చూపించాడు. మళ్ళీ పరుపు.

“ఏంటి నాన్నా? పరుపు వేయమంటావా?”

ముసలాయన గొంతులోంచి ఒక కేక వచ్చింది. మాట కాదు. చెయ్యి మళ్ళీ అదే వరుసలో తిరిగింది. పరుపు, సీసా, కుళాయి, కొడుకు.

మరదలు గుమ్మంలో నిలబడి ఉంది. రోజూ దుప్పట్లు ఉతికేది ఆ అమ్మాయే. ముందు అర్థమైంది ఆమెకే.

“వదినా,” అంది. “పక్క తడుపుతున్నానని నీళ్ళు మానిపించామనుకున్నారు మావయ్య.”

ముసలాయన కోడలి వంక చూసి, తల కిందికి ఆడించాడు. ఒకసారి కాదు. ఆపకుండా ఆడించాడు.

“అదేంటి నాన్నా,” అన్నాడు తమ్ముడు. “ఎవరన్నారు? నేనెప్పుడు…” అక్కడ ఆగిపోయాడు. సోమవారం పొద్దున తను ఏమన్నాడో అతనికి గుర్తొచ్చింది. భుజాన పరుపుతో అన్నాడు. ఒక్క సోమవారమే కాదు, అంతకుముందు కూడా ఏదో ఒకటి అనే ఉంటాడు. మంచం అంచున కూర్చున్నాడు. తినకుండానే చెయ్యి కడుక్కున్నవాడిలా రెండు చేతులూ ప్యాంటుకు రుద్దుకున్నాడు.

“నవ్విద్దామని అన్నాను నాన్నా. ఒట్టు. నీకు నీళ్ళు ఎక్కువ పోవాలనే మా గోలంతా. పోకపోతే రేపు ముక్కులో గొట్టం వేస్తారట.”

ముసలాయన కూతురివైపు తిరిగాడు. ఆయనకు గొట్టం సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

“అవును నాన్నా,” అందామె. “రేపు చూసి చెబుతారు. నీకు చెప్పలేదు. చెప్పాల్సింది.”

లేచి వెళ్ళి బీరువా మీది సీసా దించింది. ఆ సీసాలోంచే గ్లాసులో నీళ్ళు ఒంపి, ఆయన చూస్తుండగా పొడి వేసి కలిపింది. తండ్రికి ఇవ్వబోయి ఆగి, తను ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. ఇన్నాళ్ళలో అది నోట్లో పెట్టుకోవడం అదే మొదటిసారి. చల్లగా నాలుక మీద కూర్చుంది. పోదు. మింగితే సగం పోయి సగం మిగిలింది. ఆమె ముఖం ఎలా పెట్టిందో ఆమెకు కనబడదు. ముసలాయనకు కనబడింది. ఆయన నోటి ఎడమ మూల పైకి లేచింది. లోపలినుంచి గరగరమని ఒక శబ్దం వచ్చింది. మళ్ళీ దగ్గేమోనని మరదలు పరిగెత్తుకొచ్చింది.

“దగ్గు కాదే,” అన్నాడు తమ్ముడు. “నవ్వుతున్నాడు.”

“ఇలా ఇవ్వు, నేనూ చూస్తా,” అంది మరదలు. రుచి చూసి, కళ్ళు మూసి, బలవంతంగా మింగింది. “అమ్మో. దీన్నా మావయ్యకి రోజూ పెట్టింది?”

తమ్ముడు రెండు చెంచాలు తిన్నాడు.

గ్లాసులో సగం మిగిలింది. ముసలాయన చెయ్యి చాపాడు. టీచరు చెంచా ఆయన నోటిదాకా తీసుకెళ్ళబోయింది. ఆయన ఆమె చేతిలోంచి చెంచా తీసుకున్నాడు. గడ్డం కిందికి దించి, డాక్టరమ్మ ఎప్పుడో చూపించినట్టు, మొదటి చెంచా నోట్లో పెట్టుకుని మింగాడు. గొంతు ముడి పైకి లేచి, కాసేపు అక్కడే ఆగి, దిగింది. మనసులోనే తలుపు మూస్తున్నట్టు ఒళ్ళో ట్రే మీది రబ్బరు వంక చూస్తూ రెండోది మింగాడు. ఆ సగం గ్లాసు ఖాళీ అయ్యేసరికి తమ్ముడికి డ్యూటీ టైము దాటిపోయింది. అతను లేవలేదు.

*

శుక్రవారం ఆస్పత్రిలో డాక్టరమ్మ ముసలాయన నాలుక చూసింది. ముంజేతి చర్మం గిల్లి వదిలి, అది ఎంతసేపటికి సర్దుకుంటుందో చూసింది. గొంతుమీద రెండు వేళ్ళు పెట్టి చెంచా చెంచాగా మింగించింది. తర్వాత గ్లవ్సు తీసేసి, టీచరుకు కళ్ళతో సైగ చేసి కారిడార్లోకి నడిచింది.

టీచరు కదల్లేదు.

“ఇక్కడే చెప్పండి డాక్టరుగారూ. ఆయన ముందే.”

డాక్టరమ్మ గుమ్మంలో ఆగింది. ఆమెకోసం పక్క వార్డులో ఎవరో ఎదురుచూస్తున్నారు. ఒక క్షణం అటు చూసి వెనక్కి వచ్చి, స్టూలు లాక్కుని, ముసలాయన ఎదురుగా కూర్చుంది.

“ఒంట్లో నీళ్ళు తక్కువగానే ఉన్నాయి పెద్దాయనా. ఈరోజు సెలైను పెడతాను. మింగడం పోయినసారికంటే కాస్త నయం. గొట్టం ఇప్పుడు వెయ్యను. వచ్చే శుక్రవారం చూస్తాను. తాగకపోతే మాత్రం వేస్తాను. మీరు తాగాలి. తెలిసిందా?”

ముసలాయన ఎడమ అరచేతిని పైకెత్తి, తలుపులా మూసి చూపించాడు. డాక్టరమ్మకు అర్థం కాలేదు. టీచరు వైపు చూసింది.

“తెలిసిందట,” అంది టీచరు.

సాయంత్రం ఇంటికి వచ్చాక తమ్ముడు తండ్రిని కుర్చీలో స్నానాలగది గుమ్మం ఎదుట కూర్చోబెట్టి, ఒళ్ళో చిక్కటి నీళ్ళ గ్లాసు, చెంచా పెట్టి, జేబులోంచి కుళాయి పిడి తీశాడు. మంచం కిందనుంచి సంచి లాగి, స్క్రూడ్రైవరు తీసుకుని పిడి బిగించి, తిప్పి చూశాడు. నీళ్ళు వచ్చాయి. కట్టేశాడు. కుళాయి గోడలో కలిసేచోట ఒక బొట్టు ఊరింది.

ముసలాయన చెంచాతో కుర్చీ చేతిమీద టకటకమని కొట్టాడు. పనిముట్ల సంచివైపు చూపించాడు. తమ్ముడు పానా తీశాడు. ముసలాయన కాదన్నట్టు చెయ్యి ఆడించాడు. మరలకు చుట్టే తెల్లటేపు తీస్తే ముసలాయన అవునన్నట్టు తల ఊపాడు.

“దీనికి టేపెందుకు నాన్నా? ఒక్క బొట్టేగా?”

ఆయన మళ్ళీ కొట్టాడు. తమ్ముడు గోడలోని వాల్వు కట్టేసి, కుళాయి మొత్తం విప్పి, మరకు టేపు చుట్టడం మొదలుపెట్టాడు. ముసలాయన వేలితో గాలిలో గుండ్రంగా గీశాడు. అటు కాదు, ఇటు. తమ్ముడు టేపు ఊడదీసి రెండోవైపు తిప్పి చుట్టాడు. బిగించి వాల్వు తెరిచాడు. బొట్టు లేదు.

“తాగుతావా?” అన్నాడు, కుళాయి ధారగా వదిలి, తండ్రివైపు తిరిగి. గొంతులో వేళాకోళం ఉంది, భయం కూడా ఉంది.

“ఏమండీ!” అంది మరదలు.

కుళాయి అలాగే పారుతోంది. ముసలాయన దానివంక చూశాడు. కుర్చీలోంచి లేవలేదు. ఒళ్ళోని గ్లాసులో చెంచా ముంచి, గడ్డం దించి, మింగాడు. తమ్ముడు కుళాయి కట్టేశాడు.